ఒక జిల్లా నాలుగైంది: లెక్కల్లో మన ఆదివాసీ సమాజం

 

ఈ సంచిక కోసం ఏం రాయాలని మేము కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఒక చిన్న ప్రశ్న దగ్గర మాట ఆగింది. "మీది ఏ జిల్లా?" అని అడిగితే మన ఇళ్లలో మూడు తరాలు మూడు జవాబులు చెబుతాయి. తాత "ఉట్నూర్ తాలూకా" అంటాడు. తండ్రి "ఆదిలాబాద్ జిల్లా, జైనూర్ మండలం" అంటాడు. మనవడు "కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా" అంటాడు. ముగ్గురూ చెప్పేది ఒకే ఊరి గురించే. ఎవరూ ఊరు వదిలి పోలేదు. ఊరి చుట్టూ గీసిన గీతలే మారాయి.

ఆ గీతలు ఎప్పుడు, ఎలా మారాయి? వాటి లోపల ఎంతమంది మనుషులున్నారు? అందులో మనం ఎంత? ఇవి పోటీ పరీక్షల్లో ఒక మార్కు కోసం బట్టీ పట్టే ప్రశ్నలు మాత్రమే కావు. మన బడి, మన భూమి, మన ఓటు, మన ఉద్యోగం ఈ జవాబుల మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకే ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జనాభా, పాలనా విభాగాల చరిత్రను యువత కోసం ఒకచోట చేర్చి రాస్తున్నాం.

జిల్లా కంటే ముందు

జిల్లా అనే మాట రాకముందు కూడా ఈ నేలకు పాలన ఉంది. గోదావరికి ఉత్తరాన, ప్రాణహిత, పెన్‌గంగ నదుల మధ్యనున్న ఈ అడవి ప్రాంతం చాలాకాలం చాందా గోండు రాజుల ఏలుబడితో ముడిపడి ఉండేది. ఆ చాందాయే నేటి మహారాష్ట్రలోని చంద్రపూర్. ఉట్నూర్ కోట, సిర్పూర్ కోట ఆ రోజుల గుర్తులే. 1751లో చాందా రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. తర్వాత ఈ దక్షిణ భాగం నిజాం పాలన కిందికి వచ్చింది.

రాజులు పోయినా గూడెం పాలన పోలేదు. ఊరికి పట్లా, దేవతల పనికి దేవారి, పంచాయితీకి పెద్దలు ఉండేవారు. వాళ్లపైన కొన్ని ఊళ్లకు కలిపి మొకాశీలు ఉండేవారు. నేటికీ రాజ్ గోండుల రాయ్ సెంటర్లు, వాటికి పెద్దగా సార్మేడిలు ఉన్నారు. పెళ్లి తగవులూ పొలం గట్టు తగాదాలూ చాలావరకు అక్కడే తీరుతున్నాయి.

జనాభా లెక్క కూడా మనకు కొత్త కాదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలు, ఒక్కో సగలో ఇంటిపేర్లు, ఒక్కో ఇంటిపేరుకు పెన్, ఆ పెన్ ఉండే చోటు, ఇవన్నీ కిక్రీ వాయిస్తూ పర్ధానులు, తోటీలు తరతరాలుగా పాడి చెబుతూ వచ్చారు. ఏ కుటుంబం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది, ఎవరికి ఎవరు వరస అవుతారు అన్నది వాళ్ల నోట ఉండేది. మెస్రం వాళ్లు ఏడు అన్నదమ్ముల సగ అని ఎవరూ కాగితం చూసి చెప్పనక్కర్లేదు. ప్రభుత్వ జనగణన మనుషుల సంఖ్య చెబుతుంది. పర్ధాను పాట మనుషుల మధ్య వరస చెబుతుంది. మనకు రెండూ కావాలి.

నిజాం కాలంలో గీసిన జిల్లా

1872లో నిజాం ప్రభుత్వం సిర్పూర్-తాండూర్ పేరుతో ఒక ఉపజిల్లాను ఏర్పాటు చేసింది. ఎదలాబాద్, రాజూరా, సిర్పూర్ దాని తాలూకాలు. ఆ ఎదలాబాదే తర్వాత ఆదిలాబాద్ అయింది. 1905లో దానికి పూర్తి జిల్లా హోదా వచ్చింది. ఇందూరు జిల్లా నుంచి నిర్మల్, నర్సాపూర్ తాలూకాలను, ఎలగందుల జిల్లా నుంచి చెన్నూర్, లక్షెట్టిపేట తాలూకాలను తెచ్చి కలిపారు. ఇందూరంటే నేటి నిజామాబాద్, ఎలగందులంటే నేటి కరీంనగర్ వైపు. అంటే మన జిల్లా పుట్టుకలోనే రెండు నేలలున్నాయి. ఒకటి గోండు, కోలాం గూడేలున్న కొండలు, అడవులు. రెండోది గోదావరి ఒడ్డున చెరువుల కింద వరి పండే తెలుగు పల్లెలు. ఈ రెండూ ఒకే కలెక్టరు కిందికి రావడం అప్పుడే మొదలైంది.

నేటి ఆసిఫాబాద్‌ను అప్పట్లో జనగాం అనేవారు. కొంతకాలం జిల్లా కేంద్రం కూడా అక్కడే ఉండేది. జిల్లాను ఆసిఫాబాద్ జిల్లా అని పిలిచిన రోజులున్నాయి. కనుక 2016లో ఆసిఫాబాద్ కొత్తగా జిల్లా కేంద్రమైందనే మాట సగమే నిజం. ఒకప్పుడు పోయిన హోదా మళ్లీ వచ్చిందని చెప్పడం సరైన మాట.

ఆ కాలంలో జిల్లా గీతకంటే మనల్ని ఎక్కువ బాధపెట్టింది అడవి గీత. అడవులను రిజర్వు చేస్తూ హద్దురాళ్లు పాతారు. పోడు చేసుకునే నేల, పశువులు మేసే నేల హద్దు లోపల పడిపోయాయి. కాగితం లేని గోండు రైతు తన పొలంలోనే ఆక్రమణదారుడయ్యాడు. ఇటు 1920ల్లో కాజీపేట, బల్లార్షా రైలు మార్గం పడింది, బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకం మొదలైంది. రోడ్లు పడిన కొద్దీ బయటి రైతులు, వ్యాపారులు లోపలికి వచ్చారు. పట్టా అంటే ఏమిటో తెలిసినవాళ్లకు భూమి దక్కింది. తెలియనివాళ్లకు దక్కలేదు.

ఈ కష్టాల్లోంచే కుమ్రం భీం లేచాడు. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటలూ ఒక పాలనా ప్రశ్నే అని మనం గుర్తించాలి. ఈ నీరు, ఈ అడవి, ఈ నేల ఎవరి గీత కింద ఉండాలి అన్నదే ఆ ప్రశ్న. 1940లో జోడేఘాట్ కొండల్లో భీం, ఆయన సహచరులు నిజాం పోలీసుల కాల్పుల్లో అమరులయ్యారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు మనం జోడేఘాట్‌లో ఆయన్ను తలుచుకుంటున్నాం.

మార్లవాయి నుంచి వచ్చిన మార్పు

జోడేఘాట్ తర్వాత నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను మన ప్రాంత పరిస్థితి చూడమని పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండులు ఎందుకు తిరగబడ్డారంటే భూమి పోయింది కాబట్టి అని ఆయన నివేదికలు చెప్పాయి. మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలో పాఠాలు తయారయ్యాయి. మన కుటుంబాలకు భూమి పట్టాలు ఇవ్వడం మొదలైంది. 1942లో కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి ఆదివాసుల మాట వినే దర్బార్ కూడా ఆయన చొరవతోనే ప్రారంభమైంది. అది నేటికీ జరుగుతోంది.

1946లో, 1949లో వచ్చిన గిరిజన ప్రాంతాల చట్టాలు ఈ అనుభవంలోంచి వచ్చినవే. 1950లో రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద షెడ్యూల్డు ప్రాంతాలను ప్రకటించినప్పుడు మన జిల్లాలోని చాలా గ్రామాలు ఆ జాబితాలో చేరాయి. ఇక్కడ యువత ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతం అనే గీత జిల్లా గీత కాదు, మండలం గీత కాదు. అది గ్రామాల జాబితా. మీ ఊరు ఆ జాబితాలో ఉందా లేదా అన్నదాన్నిబట్టే భూబదలాయింపు నిషేధ చట్టం మీ పొలాన్ని కాపాడుతుందా లేదా అన్నది తేలుతుంది. 1959 నాటి ఆ చట్టాన్ని తర్వాత తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో గట్టిపరిచారు. అదే మన పెద్దలు చెప్పే వన్ ఆఫ్ సెవెంటీ.

1956: కుటుంబాల మధ్య నుంచి పోయిన రాష్ట్ర గీత

1956 నవంబరు 1న భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడ్డాయి. తెలుగు ఎక్కువగా ఉన్నచోటు ఆంధ్రప్రదేశ్‌కు, మరాఠీ ఎక్కువగా ఉన్నచోటు బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. మన జిల్లా నుంచి కిన్వట్, రాజూరా అటు పోయాయి. నాందేడ్ జిల్లా నుంచి ముధోల్ ఇటు వచ్చింది. ఆ లెక్కలో గోండి మాట్లాడేవాళ్లకు, కోలామీ మాట్లాడేవాళ్లకు చోటు లేదు. ఒకే సగకు చెందిన అన్నదమ్ముల పిల్లలు ఒకరు తెలుగు బడిలో, ఇంకొకరు మరాఠీ బడిలో చేరారు. నేటికీ కిన్వట్ వైపు నుంచి పిల్లనిచ్చి పుచ్చుకుంటాం. పెళ్లి పత్రిక ఏ లిపిలో అచ్చు వేయించాలో రెండు వైపులా మాట్లాడుకోవలసి వస్తుంది.

ఈ గీత ఇంకా కొన్నిచోట్ల ఆరలేదు. కెరమెరి మండలం సరిహద్దులో పరందోళి, అంతాపూర్ వంటి ఊళ్లను రెండు రాష్ట్రాలూ మావే అంటున్నాయి. అక్కడివాళ్ల పేర్లు రెండు రాష్ట్రాల ఓటరు జాబితాల్లోనూ ఉన్నాయి. రెండువైపులా సర్పంచులున్నారు, రెండువైపులా రేషను కార్డులున్నాయి. బయటివాళ్లు దీన్ని వింతగా చెప్పుకుంటారు. ఆ ఊళ్ల రైతుకు మాత్రం ఇది వింత కాదు, భూమి హక్కు కాగితం ఎవరిని అడగాలి అన్న ప్రశ్న.

పెరిగిన జనాభా, మారిన పాళ్లు

ఇప్పుడు అంకెలు చూద్దాం. 1961 జనగణనలో ఆదిలాబాద్ జిల్లా జనాభా సుమారు 10 లక్షలు. 1971లో దాదాపు 12.9 లక్షలు, 1981లో 16.4 లక్షలు, 1991లో 20.8 లక్షలు, 2001లో 24.9 లక్షలు. 2011 నాటికి 27,41,239. యాభై ఏళ్లలో జనాభా రెండున్నర రెట్లు దాటింది. పుట్టుకల వల్ల మాత్రమే ఇంత పెరగలేదు. బొగ్గు గనులు, కాగజ్‌నగర్ కాగితం మిల్లు, సిమెంటు, పత్తి సాగు, కొత్త రోడ్లు బయటి నుంచి జనాన్ని తెచ్చాయి.

2011లో జిల్లాలో షెడ్యూల్డు తెగలవారు 4,95,794 మంది, అంటే 18 శాతం. గోండులు, కోలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు, కోయలు, ఆంధ్‌లు, లంబాడాలు అందరూ ఈ అంకెలో ఉన్నారు. ఈ అంకెను చదివేటప్పుడు ఒక చరిత్ర తెలిసి ఉండాలి. 1976 చట్టంతో తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. అందుకే 1971కి, 1981కి మధ్య తెగల జనాభా ఒక్కసారిగా ఎగిరినట్టు కనిపిస్తుంది. కనుక 1971 అంకెను, 1981 అంకెను పక్కపక్కన పెట్టి "మనం ఇంత పెరిగాం" అనకూడదు. మొత్తం తెగల అంకెతోపాటు ఒక్కో తెగ అంకెనూ విడిగా చూడాలి. పెద్ద అంకె నీడలో చిన్న తెగలు కనిపించకుండా పోతాయి. 2011 లెక్కల్లో రాష్ట్రం మొత్తం మీద తోటీలు ఐదు వేల లోపే. కోలాములు, తోటీలు ప్రత్యేక రక్షణ అవసరమైన ఆదిమ తెగల జాబితాలో ఉన్నారంటే కారణం ఇదే. ఈ మాట ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు. ఎవరి లెక్క వారికి సరిగా తెలిస్తేనే ఎవరి వాటా వారికి చేరుతుందని చెబుతున్నాం.

జనాభా మారితే భూమి కూడా చేతులు మారుతుంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యల మీద సభకు వచ్చిన మనవాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారం 13 మంది చనిపోయారు. అంతకంటే చాలా ఎక్కువమంది అని మన పెద్దలు చెబుతారు. చనిపోయినవాళ్ల సంఖ్య మీద కూడా రెండు లెక్కలున్నాయంటే, లెక్క రాసేవాళ్లలో మనవాళ్లు ఎందుకు ఉండాలో ఆలోచించండి.

తాలూకా నుంచి మండలానికి

1985 వరకు మనకు తాలూకాలు. ఆదిలాబాద్, బోథ్, ఉట్నూర్, ఆసిఫాబాద్, సిర్పూర్, చెన్నూర్, లక్షెట్టిపేట, ఖానాపూర్, నిర్మల్, ముధోల్. కుల ధ్రువీకరణ పత్రం కావాలంటే తాలూకా కచేరీకి పోవాలి. పటేల్, పట్వారీ చేతిలో ఊరి లెక్కలుండేవి. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. 1985లో మండలాలు వచ్చాయి. జిల్లాలో 52 మండలాలు ఏర్పడ్డాయి. జైనూర్, నార్నూర్, ఇంద్రవెల్లి, కెరమెరి, తిర్యాణి వంటి చోట్లకు కచేరీ వచ్చింది. సిర్పూర్ పేరుతోనే రెండు మండలాలయ్యాయి. రైలు స్టేషనున్నది సిర్పూర్-టి, ఉట్నూర్ వైపు కొండల్లోనిది సిర్పూర్-యు. ఈ రెండిటినీ కలగాపులగం చేసి ఉత్తరాలు, దరఖాస్తులు తప్పుగా పంపిన కథలు మనలో చాలా ఇళ్లలో ఉన్నాయి.

వీటన్నిటితో సంబంధం లేకుండా ఉట్నూర్‌లో 1970ల్లో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, మనం ఐటీడీఏ అనేది, ఏర్పడింది. ఆశ్రమ పాఠశాలలు, గిరి వికాసం బావులు, ఆరోగ్య కేంద్రాలు దాని కిందికి వచ్చాయి. మనలో చాలామంది అక్షరం దిద్దింది ఆశ్రమ పాఠశాలలోనే.

2016: ఒకటి నాలుగైంది

2016 అక్టోబరు 11న, దసరా నాడు, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో మరో రెండు కలిసి 33 అయ్యాయి. మన ఉమ్మడి జిల్లా నాలుగుగా విడిపోయింది. 2011 జనగణన అంకెలనే కొత్త హద్దులకు పంచి చూస్తే ఇలా వస్తుంది.

ఆదిలాబాద్: జనాభా 7,08,972. తెగల వాటా సుమారు 32 శాతం. ఆదిలాబాద్, ఉట్నూర్ రెవెన్యూ డివిజన్లు.

కుమ్రం భీం ఆసిఫాబాద్: జనాభా 5,15,812. తెగల వాటా సుమారు 26 శాతం. ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ డివిజన్లు.

నిర్మల్: జనాభా 7,09,418. తెగల వాటా సుమారు 11 శాతం. నిర్మల్, భైంసా డివిజన్లు.

మంచిర్యాల: జనాభా 8,07,037. తెగల వాటా సుమారు 7 శాతం. మంచిర్యాల, బెల్లంపల్లి డివిజన్లు.

ఈ నాలుగు జనాభాలనూ కూడి చూడండి, సరిగ్గా 27,41,239 వస్తుంది. మనుషులు వాళ్లే. కానీ 18 శాతం అనే ఒక్క అంకె 32, 26, 11, 7 అనే నాలుగు అంకెలైంది. ఆదిలాబాద్‌లో ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు మనవారు. మంచిర్యాలలో పద్నాలుగు మందిలో ఒకరు.

దీనివల్ల మేలు జరిగింది. బెజ్జూర్, కౌటాల వైపు నుంచి ఆదిలాబాద్ కలెక్టరేటుకు పోయి అదే రోజు తిరిగి రావడం ఒకప్పుడు కష్టం. ఇప్పుడు ఆసిఫాబాద్ దగ్గరే ఉంది. 52 మండలాలున్నచోట 70 దాకా వచ్చాయి. లింగాపూర్, గాదిగూడ, సిరికొండ, పెంబి వంటి ఆదివాసీ ఊళ్లు మండల కేంద్రాలయ్యాయి. మన వీరుడి పేరు ఒక జిల్లా పేరైంది. ప్రభుత్వ కాగితం మీద, బస్సు బోర్డు మీద ఆ పేరు చదివినప్పుడు కలిగే గర్వం చిన్నది కాదు.

నష్టం కూడా ఉంది. మంచిర్యాలలో 7 శాతం అంటే యాభై వేలు దాటిన మనుషులు. జన్నారం, కాసిపేట, దండేపల్లి గూడేలవాళ్లు ఉమ్మడి జిల్లాలో ఒక పెద్ద సమూహంలో భాగం. ఇప్పుడు బొగ్గు పట్టణాల జిల్లాలో చిన్న వాటా. జిల్లా సమావేశంలో వాళ్ల మాట ఎన్నో అంశంగా వస్తుందో ఊహించవచ్చు.

ఉద్యోగాల సంగతీ యువత తెలుసుకోవాలి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికులకు 95 శాతం ఉద్యోగాలు. కానీ స్థానికత ఇప్పుడు కొత్త జిల్లా, కొత్త జోన్ ప్రకారం. ఆదిలాబాద్, నిర్మల్ బాసర జోన్‌లో ఉన్నాయి. ఆసిఫాబాద్, మంచిర్యాల కాళేశ్వరం జోన్‌లో ఉన్నాయి. ఒకప్పుడు ఒకే ఉట్నూర్ తాలూకాలో ఉన్న ఉట్నూర్ పిల్లవాడు, జైనూర్ పిల్లవాడు ఇప్పుడు జిల్లా పోస్టుకైనా జోన్ పోస్టుకైనా వేర్వేరు వరుసల్లో నిలబడాలి. దీనికి తోడు, షెడ్యూల్డు ప్రాంత బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. గోండి, కోలామీ తెలిసిన మాస్టారు బడిలో ఉండాలనే మాటకు అది పెద్ద దెబ్బ.

ఇక ఓటు సంగతి. జిల్లాలు మారినా శాసనసభ నియోజకవర్గాల గీతలు మారలేదు. ఉమ్మడి జిల్లాలోని పది స్థానాల్లో ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్ మనకు రిజర్వు. ఆదిలాబాద్ లోక్‌సభ స్థానం 2009 నుంచి రిజర్వు. ఖానాపూర్ నియోజకవర్గంలో ఖానాపూర్ నిర్మల్ జిల్లాది, ఉట్నూర్, ఇంద్రవెల్లి ఆదిలాబాద్ జిల్లావి, జన్నారం మంచిర్యాల జిల్లాది. ఒక్క ఎమ్మెల్యే, ముగ్గురు కలెక్టర్లు. ఆసిఫాబాద్ నియోజకవర్గంలోని నార్నూర్ ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. ఉట్నూర్ ఐటీడీఏ మాత్రం నాలుగు జిల్లాల్లోనూ పనిచేస్తోంది. మన సమస్య ఏ కచేరీకి చెందుతుందో తెలియక తిరిగే రోజులు ఇందుకే వస్తున్నాయి. మనలో ఒకరు ఒక ధ్రువపత్రం కోసం మూడు కచేరీలు తిరిగి, నాలుగోసారి మొదటి కచేరీకే వచ్చి తీసుకున్నారు. ఆ మూడు కచేరీల్లోనూ ఎవరూ కసురుకోలేదు, ఎవరి గీత ఎక్కడుందో చెప్పనూ లేదు.

లెక్కలో దొరకని గూడేలు

చివరిగా అన్నిటికంటే ముఖ్యమైన మాట. జనగణన ఊరు అని లెక్కించేది రెవెన్యూ గ్రామాన్ని. ఇరవై, ముప్పై ఇళ్ల కోలాంగూడ ఒక పెద్ద గ్రామానికి శివారు అయితే ఆ గూడ పేరు జనగణన పుస్తకంలో రాదు. అక్కడి మనుషులు లెక్కలో ఉంటారు, గూడెం ఉండదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. మన గూడేల్లో మొదటిసారి మనవాళ్లే సర్పంచులు కావడం పెద్ద ముందడుగు. అయినా అంతకంటే చిన్న గూడెం మాత్రం పక్క ఊరితోనే ఉండిపోయింది. బోరు ఎక్కడ వేయాలి, అంగన్‌వాడీ ఎక్కడ పెట్టాలి, రోడ్డు ఎక్కడిదాకా పోవాలి అని నిర్ణయించేటప్పుడు జాబితాలో పేరున్న ఊరికే ముందు వస్తుంది. ఆదిమ తెగల కోసం 2023లో కేంద్రం మొదలుపెట్టిన జన్‌మన్ పథకం గూడెం గూడెంగా ఇళ్లు, నీళ్లు, రోడ్డు ఇస్తామంటోంది. గూడెం పేరే జాబితాలో లేకపోతే ఇంటి వరకు ఎలా వస్తుంది?

భాష సంగతీ అంతే. 2011లో దేశం మొత్తం మీద గోండి తమ మాతృభాష అని చెప్పినవారు 30 లక్షలకు కొంచెం తక్కువ. గోండుల సంఖ్య దానికి ఎన్నో రెట్లు. చాలా ఇళ్లలో గోండి మాట్లాడుతూనే, వచ్చిన ఎన్యూమరేటర్‌కు "తెలుగు" అనో "మరాఠీ" అనో చెప్పేశాం. నార్నూర్ మండలం గుంజాలలో మన పెద్దలు దాచిన రాతప్రతుల వల్ల గుంజాల గోండి లిపి వెలుగులోకి వచ్చింది. 2018లో యూనికోడ్‌లో చేరింది. ఫోనులో మన అక్షరాలు రాసుకునే దారి తెరుచుకుంది. గోండి మాత్రం ఇంకా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. భాష ఉందని చెప్పడానికి మొదటి సాక్ష్యం జనగణనలో మనం చెప్పే ఒక్క మాట.

2021లో జరగవలసిన జనగణన జరగలేదు. అందుకే పదిహేనేళ్ల నాటి 2011 అంకెల మీదే ఇంకా పథకాలు నడుస్తున్నాయి. ఇప్పుడు 2027 జనగణన ప్రకటన వచ్చింది. దాంతోపాటు కులాల లెక్క కూడా ఉంటుంది. నాలుగు కొత్త జిల్లాలకు మొదటిసారి సొంత జనగణన అదే. ఆ తర్వాత నియోజకవర్గాలు, రిజర్వేషన్లు, నిధులు చాలాకాలం ఆ అంకెల మీదే నిలబడతాయి.

మనం చేయగల పని

మేము యువతను కోరేది పెద్ద పని కాదు. ఒక నోటు పుస్తకం తీసుకోండి. మీ గూడెం పేరు, పెద్దలు పిలిచే పాత పేరు రాయండి. అది ఏ రెవెన్యూ గ్రామం శివారో, ఏ పంచాయతీయో, ఏ మండలమో, షెడ్యూల్డు గ్రామాల జాబితాలో ఉందో లేదో రాయండి. ఇళ్లెన్ని, మనుషులెంతమంది, ఏ తెగ, ఇంట్లో ఏ భాష అన్నది ఇంటింటికీ అడిగి రాయండి. 1956 తర్వాత ఏ కుటుంబం ఎటు పోయిందో అవ్వ తాతలను అడగండి. ఊళ్లో పర్ధాను కుటుంబం ఉంటే వాళ్లు పాడే ఇంటిపేర్ల వరుసను ఫోనులో రికార్డు చేయండి. ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు పక్కన కూర్చుని గోండి అయితే గోండి అని, కోలామీ అయితే కోలామీ అని రాయించండి. పెసా చట్టం 1996లో వచ్చింది, మన రాష్ట్రంలో నియమాలు 2011లో వచ్చాయి. గ్రామసభలో ఆ పుస్తకం తెరిచి చదవడానికి ఆ చట్టం మనకు అధికారం ఇస్తోంది.

ఏటా పుష్య మాసంలో మెస్రం వంశస్థులు గంగాజలం కోసం కాలినడకన బయల్దేరుతారు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నుంచి కొండలు, వాగులు దాటి మంచిర్యాల జిల్లా జన్నారం దగ్గరి హస్తినమడుగుకు చేరి, గోదావరి నీళ్లు కలశంలో ముంచుకుని తిరిగి వస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు అభిషేకం. జిల్లా ఒకటిగా ఉన్నప్పుడూ ఆ దారి అదే, నాలుగైన తర్వాతా అదే. దారిలో ఎక్కడ ఒక జిల్లా అయిపోయి ఇంకో జిల్లా మొదలవుతుందో ఆ పాదాలకు అక్కర్లేదు. కానీ ఆ దారిలోని ప్రతి గూడెం పేరు పుస్తకంలో ఉండాలి. ఆ బాధ్యత చదువుకున్న మనది.

జై సేవా! జై జంగో! జై లింగో!